దావీదు మెచ్చిన హోటలు

దావీదు సంతాపసభలో శాలువా కప్పింది బసన్నకే. సభ ఎమ్మిగనూరులో జరిగింది. ఆదోని మిల్లుల్లో దావీదుతో పాటు దూది బేళ్లు మోసినవాళ్లు, చుట్టుపక్కల ఎస్సీ కాలనీల నుంచి ఆటోల్లో వచ్చినవాళ్లు హాలు నిండా కూర్చున్నారు. దావీదన్న మాట విని రెండు గ్లాసుల పద్ధతి తీసేసిన మొదటి హోటలు బసన్నదని మైకులో చెప్పారు. చప్పట్లు కొట్టారు. బసన్న తల వంచుకుని శాలువా కప్పించుకున్నాడు. అందరూ వినయమనుకున్నారు.

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే రోడ్డు మీద, బస్సు ఆగే చోట ఉంది బసన్న హోటలు. పొద్దున ఉగ్గాని, బజ్జీ. ఆ తర్వాత చీకటి పడేదాకా టీ. మెడలో లింగం కట్టుకునే ఇల్లు వాళ్లది. బసన్న తండ్రి కాలంలో హోటలు బయట గోడగూట్లో కొన్ని గాజు గ్లాసులు బోర్లించి ఉండేవి. ఊరి చివరి మాదిగ గేరివాళ్లు వాటిలో ఒకటి తీసుకుని, ఎత్తునుంచి టీ పోయించుకుని, నేలమీద కూర్చుని తాగి, కడిగి మళ్లీ గూట్లో పెట్టాలి. ఆ సంగతి ఎవరూ ఎవరికీ చెప్పే పనిలేదు.

దావీదు ఆ గేరిలోనే పుట్టాడు. ఆదోనిలో జిన్నింగు మిల్లు పనికి కుదిరాక, టౌను హోటల్లో ఎవరి పక్కన కూర్చున్నా అడిగేవాడు లేడని చూశాడు. ఒక సెలవు రోజు ఊరికొచ్చి, నేరుగా లోపలికి నడిచి బల్లమీద కూర్చున్నాడు. టీ అడిగి తాగాడు. గ్లాసు అక్కడే పెట్టి లేచాడు.

"కడిగి పో" అన్నాడు బసన్న తండ్రి.

"అందరూ కడిగి పోతాండారా పెద్దాయనా? వాళ్లు కడిగితే నేనూ కడుగుతా."

ముసలాయన ఆ గ్లాసు గోడకేసి పగలగొట్టాడు. మరుసటి వారం దావీదు మళ్లీ వచ్చాడు. ఇంకో గ్లాసు పగిలింది.

"నీ గ్లాసులైపోతాయి గానీ నా టీ ఆశ తీరదు పెద్దాయనా" అన్నాడు దావీదు.

అదే అతని పద్ధతి. అరవడు, తిట్టడు. సెలవు దొరికినప్పుడల్లా ఏదో ఒక ఊరి హోటలుకు పోయి కూర్చునేవాడు. ఒక ఊళ్లో కొట్టి మోకాలు విరిచారు. కట్టు విప్పాక కుంటుకుంటూ ఆ హోటలుకే మళ్లీ పోయాడు.

తండ్రి పోయి గల్లా బసన్న చేతికి వచ్చేనాటికి కేసులు, పోలీసులు, రాజీ మాటలు అన్నీ అయ్యాయి. బసన్నకు దావీదు మీద కోపం లేదు. అతను అడిగేది న్యాయమనీ తెలుసు. కానీ అతను తాగిన గ్లాసులో వేళ్లు పెట్టి కడగాలంటే మాత్రం చెయ్యి ముందుకు పోయేది కాదు. ఆదోని బజారులో పేపరు కప్పులు చూశాడు. సంచి నిండా తెచ్చాడు.

"ఇంగ అందరికీ ఇవే. గూట్లో గ్లాసులు పారేసినా దావీదన్నా" అన్నాడు.

ఆ రోజు దావీదు రైతుల నడుమ బల్లమీద కూర్చుని కప్పులో టీ తాగాడు. లేచి బసన్నను కావిలించుకోబోయి, ఏమనుకుంటాడోనని ఆగి, చెయ్యి మాత్రం పట్టుకున్నాడు. ఆ తర్వాత ఊరూరా అదే చెప్పాడు. "బసన్న మాదిరి సెయ్యండప్పా. కప్పులు తెచ్చుకోండి. మీకు పని తగ్గుతాది, మాకు అవమానం తప్పుతాది." హోటళ్లవాళ్లకు అంత సులువైన దారి అంతకుముందు ఎవరూ చూపలేదు. కప్పులు బయట పెట్టారు, గ్లాసులు లోపల పెట్టుకున్నారు.

బసన్నా లోపల పెట్టుకున్నాడు. పొయ్యి వెనక గదిలో స్టీలు గ్లాసులుండేవి. తమవాళ్లు, పత్తి వ్యాపారం చేసే వెంకటకృష్ణయ్యలాంటి పెద్దమనుషులు అక్కడికి వెళ్లి తాగేవారు. దావీదుకు చెప్పేద్దామని బసన్న చాలాసార్లు అనుకున్నాడు. అనుకున్నప్పుడల్లా దావీదు ఇంకో ఊళ్లో బసన్న పేరు చెప్పి వచ్చి ఉండేవాడు.

పోయిన చలికాలం దావీదు హోటలుకు వచ్చాడు. అప్పటికే చేతులు వణికే జబ్బు. పట్టుకోగానే కప్పు నలిగి, టీ ఒళ్లో పడింది.

"ఒక గ్లాసుంటే ఇయ్యి బసన్నా. ఇది నా చేతిలో నిలవకపోయ."

"గ్లాసులు యాడివన్నా? ఎప్పుడో తీసేస్తిమి గదా."

ఆ మాట నోట్లో ఉండగానే వెంకటకృష్ణయ్య స్టీలు గ్లాసు పట్టుకుని, చక్కెర తక్కువైందంటూ గదిలోంచి బయటికి వచ్చాడు. దావీదు గ్లాసును చూశాడు. తర్వాత బసన్నను చూశాడు.

"ఊర్లన్నీ తిప్పితివి గదప్పా నన్ను" అన్నాడు.

ఒళ్లు తుడుచుకుని బస్సెక్కాడు. మళ్లీ రాలేదు. ఆదోనికి పోయినప్పుడు బసన్న ఒకసారి దావీదు ఇంటి మలుపు దాకా నడిచాడు. ఏమని చెప్పాలో వెతికాడు. దొరికిన మాటలన్నీ తనను కాపాడుకునేవే. టీపొడి కొనుక్కుని వెనక్కి వచ్చాడు. వానలు మొదలయ్యేసరికి దావీదు పోయాడన్నారు.

శాలువా కప్పించుకున్న మర్నాడు బసన్న స్టీలు గ్లాసులన్నీ తెచ్చి ముందు బల్లమీద పేర్చాడు. మిగిలిన కప్పులు పొయ్యిలో వేశాడు. దావీదు వెంట ఊళ్లు తిరిగిన అతని మేనల్లుడు ఈరేష్ టీకి వచ్చి, వాటిని చూసి గడపలోనే ఆగిపోయాడు.

"ఏమన్నా, మళ్లా గ్లాసులు తీసినావా? మా మామ పోయి నెల కాలే."

"అందరికీ ఇవే ఈరేషూ."

"మాకు కప్పే ఇయ్యి. మా మామ సెప్పింది కప్పు."

"మీ మామ నన్ను నమ్మి సెప్పినాడు." బసన్న గొంతు తగ్గించాడు. "అందరూ ఒకటేనని కప్పులు తేల్యా నేను. మీరు తాగిన గ్లాసు కడగలేక తెస్తి."

ఈరేష్ గడప దాటి లోపలికి వచ్చాడు.

"నిన్న మైకు నీ ముందరే ఉండె గదన్నా" అన్నాడు.

అప్పటికే బల్లమీద కూర్చుని ఉన్న వెంకటకృష్ణయ్య గ్లాసుల వంక చూసి, "నాకు కప్పులో పొయ్యి బసన్నా" అన్నాడు.

"కప్పుల్లేవు సావుకారూ."

"అయితే ఆదోనిలో తాగుతాలే" అని ఆయన కండువా దులుపుకుని లేచాడు.

ఈరేష్ ఆ జాగాలో కూర్చున్నాడు. నిదానంగా టీ తాగి, గ్లాసు బల్లమీద పెట్టాడు. లేవలేదు. బసన్న వచ్చి గ్లాసు తీసుకున్నాడు. లోపల వేళ్లు పెట్టి పీచుతో తోమాడు, కడిగాడు, మళ్లీ తోమాడు. మిగతా గ్లాసులను బకెట్లో ముంచి తీయడమే అలవాటు. ఆ తేడా అతనికి తెలియనేలేదు.

"సాల్లే అన్నా" అన్నాడు ఈరేష్ వెనకనుంచి. "గ్లాసు అరిగిపోతాది."

బసన్న చెయ్యి ఆగింది.

"ఇంగో టీ పొయ్యి. వేరే గ్లాసులో. ఎన్నిటిని ఇట్ల తోముతావో సూస్తా" అన్నాడు ఈరేష్.