మొక్కుబడి తాబేలు

భిలాయిలో తనకి రెండు పనుల్లో తిరుగు లేదని సత్యారావు తనే చెప్పుకునేవాడు. ఒకటి క్రేన్‌కి సైగ చెయ్యడం, రెండోది తాబేలు మనసు కనిపెట్టడం. మొదటిది ఉక్కు మిల్లులో అందరూ ఒప్పుకున్నారు. అక్కడి రొదలో పక్కవాడి కేక కూడా వినబడదు. ఇనుప దూలాలు తలమీంచి పోతుంటే కింద నిలబడి అరచెయ్యి దించితే క్రేన్ దిగాలి, పిడికిలి బిగిస్తే ఆగాలి. బరువులు ఎత్తించే కళాసీగా ఇరవై ఏళ్ళలో ఆయన సైగని తప్పుగా అర్థం చేసుకున్న ఆపరేటర్ లేడు. ఇంట్లోనూ అదే అలవాటు. మంచినీళ్ళు కావాలన్నా, అన్నం చాలన్నా చేత్తోనే చెప్పేవాడు. రెండో విద్యకి మాత్రం సాక్షులు తక్కువ. అందుకే దాని గురించి ఇంకాస్త గట్టిగా చెప్పేవాడు.

తాబేలు పేరు ఫోర్‌మెన్. 1979లో శ్రీకాకుళం దగ్గర సొంతూరికి వెళ్ళినప్పుడు సరుగుడు తోటలో దొరికింది. అప్పటికి అరచేతిలో ఇమిడేది. గుడ్డసంచిలో పెట్టుకుని రైల్లో దుర్గ్ దాకా తెచ్చి, సెక్టార్ ఆరులో తన క్వార్టర్ పెరట్లో వదిలాడు. నల్లటి చిప్ప మీద పసుప్పచ్చని గీతలతో నక్షత్రాలు గీసినట్టుండే జాతి. పెరిగే కొద్దీ దాని నడత చూసి పేరు పెట్టాడు. పొద్దున్నే మెడ చాచి పెరడంతా ఒక చుట్టు చుట్టి వస్తుంది. ఎవరు పని చేస్తున్నా దగ్గరికొచ్చి నిలబడి చూస్తుంది. తను మాత్రం ఒక్క పనీ చెయ్యదు. తిండి ఆలస్యమైతే వంటింటి తలుపుని చిప్పతో గుద్దుతుంది.

"ఇన్ని గుణాలు ఒక్కడి దగ్గరే ఉంటే ఫోర్‌మెన్ కాక మరేటవుతాడు?" అనేవాడు సత్యారావు. మిల్లులో అసలు ఫోర్‌మెన్ ఒకసారి ఇంటికొచ్చి టీ తాగుతూ ఆ పేరు విన్నాడు. నవ్వాడు గానీ కారణం అడగలేదు.

తాబేలుకి బుర్రేమిటి, రాయికి కాళ్ళొచ్చినట్టు తిరుగుతుందంతే అనేవాళ్ళని చూస్తే ఆయనకి ఒళ్ళు మండేది. డ్యూటీ నుంచి వచ్చేటప్పుడు దారిలో కంచెల మీది మందార పువ్వులు కోసి, పసుప్పచ్చ హెల్మెట్‌లో వేసుకుని తెచ్చేవాడు. గేటు దగ్గర ఆ హెల్మెట్ కనబడితే చాలు, ఫోర్‌మెన్ ఎక్కడున్నా బయల్దేరేవాడు. రంగు చూసి వస్తున్నాడని పక్క క్వార్టరాయన తీసిపారేశాడు. సత్యారావు మాట్లాడకుండా తన హెల్మెట్ తీసి ఆయన నెత్తిన పెట్టి, గేటు బయటికి పంపించి, మళ్ళీ లోపలికి రమ్మన్నాడు. ఫోర్‌మెన్ నాలుగడుగులు ఉత్సాహంగా నడిచాడు. ఆగాడు. మెడ ఎత్తి మొహంకేసి చూశాడు. వెనక్కి తిరిగి అరుగు కిందికి వెళ్ళిపోయాడు. పక్కాయన చిన్నబోయాడు. తాబేలు తనకేసి చూసి వద్దనుకోవడం ఎవరికైనా కష్టంగానే ఉంటుంది.

కోపతాపాలు కూడా ఉండేవి వాడికి. ఒకసారి కూతురు మణిమాల సరదాపడి సబ్బుతో రుద్ది కడిగింది. నాలుగు రోజులు గోడవైపు తిరిగి కూర్చున్నాడు. మిగతా అందరి దగ్గరా తిన్నాడు గానీ ఆ పిల్ల చేతిది ముట్టలేదు. "పాపా, ఏ తో బహుత్ నఖ్‌రేవాలా హై" అని, వీడికి మరీ బెట్టెక్కువని మణిమాల హిందీలో విసుక్కుంది. ఆ పిల్లకి కోపమొచ్చినా సంతోషమొచ్చినా హిందీయే.

అయితే సత్యారావు భార్య కనకలతకి ఈ తెలివితేటల గొడవ పట్టేది కాదు. ఆమెది శ్రీకూర్మం పక్క ఊరు. విష్ణువు కూర్మరూపంలో వెలసిన గుడి నీడలో పెరిగింది. ఆ గుడి దగ్గర ఇలాంటి తాబేళ్ళే తిరుగుతుంటాయి. అలాంటప్పుడు ఇంట్లో తిరిగేది తాబేలెలా అవుతుంది? కూర్మనాథస్వామే. శనివారాలు చిప్ప మీద పసుపు రాసి కుంకం బొట్టు పెట్టేది. ఏకాదశికి తనతోబాటు స్వామి చేత కూడా ఉపవాసం చేయించేది.

స్వామి మొదటి రెండు ఏకాదశులూ ఊరుకున్నాడు. మూడో ఏకాదశినాడు వంటింటి తూము దగ్గరికొచ్చి, మెడ చాచి, లోపల పోపు వాసన లేదని తేల్చుకుని, కంచె కింద సందులోంచి అవతలి క్వార్టర్‌కి వెళ్ళిపోయాడు. అక్కడుండే ఛాయ ఛత్తీస్‌గఢ్ మనిషి. కాస్త మెత్తబడిన టమాటాలు దాచి పెట్టేది. "భయ్యా, తుమ్హారా భగవాన్ మేరే ఘర్ మే టమాటర్ ఖా రహా హై" అని గోడమీంచి కేకేసింది, మీ దేవుడు మా ఇంట్లో టమాటాలు తింటున్నాడని. సత్యారావు కడుపుబ్బ నవ్వాడు. కనకలత మాత్రం ఛాయది పుణ్యం చేసుకున్న ఇల్లని తేల్చింది.

మొగుడికి మనిషి, పెళ్ళానికి దేవుడు. పదిహేనేళ్ళు ఇద్దరి మధ్యా ఫోర్‌మెన్ ఏ ఇబ్బందీ లేకుండా బతికాడు.

1994 వానాకాలంలో సత్యారావుకి జ్వరం పట్టుకుంది. మామూలు మలేరియా అనుకున్నది మెదడుకెక్కింది. సెక్టార్ తొమ్మిది ఆస్పత్రిలో ఎనిమిది రోజులు ఒంటిమీద తెలివి లేదు. తెలివొచ్చాక కూడా ఇంకో నెల అక్కడే. ఇంటికొచ్చేసరికి మనిషి సగమయ్యాడు. గేటు దగ్గర రిక్షా దిగి గోడ పట్టుకుని నడుస్తుంటే ఫోర్‌మెన్ ఎదురొచ్చాడు. హెల్మెట్ లేదు, పువ్వుల్లేవు, అయినా వచ్చాడు. సత్యారావుకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "చూసినావా? ఆడికి నేను గుర్తున్నాను" అన్నాడు భార్యతో. కనకలత ఏమీ అనకుండా సంచీలు లోపలికి తీసుకుపోయింది.

అనకపోవడానికి కారణం కార్తీకమాసంలో బయటపడింది. సత్యారావు మళ్ళీ డ్యూటీకి వెళ్ళడం మొదలెట్టిన వారానికి ఆమె అన్నం వడ్డిస్తూ చెప్పింది.

"ఏటండీ, దుర్గ్ ఎళ్ళి టిక్కెట్లు తియ్యండి. శ్రీకూర్మం ఎళ్ళాల. మొక్కుంది."

ఏం మొక్కు అన్నట్టు చెయ్యి తిప్పాడు.

"మీకు తెలివి లేనప్పుడు మొక్కినాను. మీరు బతికి ఇంటికొస్తే, మా ఇంట ఉన్న స్వామిని నీ గుడికి చేర్చేస్తానని."

ముద్ద చేతిలోనే ఆగిపోయింది. తన ప్రాణానికి బదులుగా ఫోర్‌మెన్‌ని ఇస్తానందన్నమాట. కోప్పడడానికి లేదు. ఏ మొగుడు కోప్పడతాడు? ఇవ్వడానికీ లేదు. ఆ తాబేలు లేని పెరటిని ఆయన తలుచుకోలేకపోయాడు. మొక్కు ఎగ్గొడితే రేపు ఇంట్లో ఎవరికి తల నొప్పి వచ్చినా కనకలత వణికిపోతుందని కూడా ఆయనకి తెలుసు. రెండు రోజులు ఇంట్లో సైగలు కూడా లేవు.

మూడో రోజు ఆయనకి దారి దొరికింది.

"మొక్కింది నువ్వు. ఆడినడిగినావా?" అన్నాడు.

"స్వామినెలగడుగుతారు?"

"మీ ఊళ్ళో పువ్వులడుగుతారు కదా."

శ్రీకాకుళం వైపు కొన్ని ఇళ్ళల్లో తెగని సందేహమొస్తే రెండు రంగుల పువ్వులు రెండు పొట్లాలు కట్టి దేవుడి ముందు పెట్టి, ఒకటి తీయించి, అదే దేవుడి మాటగా తీసుకుంటారు. ఇక్కడ దేవుడికి నాలుగు కాళ్ళున్నాయి. పొట్లాలు అక్కర్లేదు, తీసేవాళ్ళూ అక్కర్లేదు. ఏ పువ్వు దగ్గరికెళ్తే అదే ఆయన మాట.

"మందారం దగ్గరికెళ్తే ఇక్కడే ఉంటానని. నందివర్ధనం దగ్గరికెళ్తే గుడికెళ్తానని" అన్నాడు సత్యారావు, వీలైనంత అమాయకంగా మొహం పెట్టి. ఎర్ర మందారం కనబడితే ఫోర్‌మెన్ ప్రపంచంలో ఇంకే పువ్వుకేసీ తిరగడని పదిహేనేళ్ళుగా చూస్తున్న మనిషాయన. మోసమే. ఒప్పుకోక తప్పదు. క్రేన్ కింద ఎన్నడూ తప్పుడు సైగ చెయ్యని మనిషి దేవుడి ముందు చేశాడు. సిగ్గేసింది కూడా. అయినా తన లెక్క తప్పదన్న ధీమా సిగ్గుని మింగేసింది.

కనకలత ఆయన మొహంకేసి ఒక్క క్షణం చూసి, "సరే" అంది.

ఆదివారం ఆయనకి వీక్లీ ఆఫ్. పొద్దున్నే ఆమె తలస్నానం చేసి పెరడు ఊడ్చి ముగ్గేసింది. ముగ్గుకి అటు చివర మందారం, ఇటు చివర నందివర్ధనం పెట్టింది. మణిమాల స్టూలు వేసుకుని కూర్చుంది. ఛాయ గోడ అవతలి నుంచి తల పెట్టింది. కనకలత దండం పెట్టుకుని, ముగ్గుకి దూరంగా వంటింటి మెట్టు మీదికెళ్ళి కూర్చుంది. సత్యారావు ఫోర్‌మెన్‌ని తెచ్చి సరిగ్గా మధ్యలో వదిలి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. సైగ చేశాడన్న మాట రాకూడదు కదా.

ఫోర్‌మెన్ కాసేపు తల బయట పెట్టలేదు. పెట్టాక మందారంకేసి చూశాడు. సత్యారావు గుండె కుదుటపడింది. నందివర్ధనంకేసి కూడా చూశాడు. తర్వాత ముందరి కాళ్ళమీద లేచి, రెండు పువ్వుల మధ్యనుంచి తిన్నగా నడవడం మొదలెట్టాడు. ముగ్గు దాటాడు. తులసికోట పక్కనుంచి వంటింటి మెట్టు దాకా వెళ్ళాడు. కనకలత పాదం దగ్గర ఆగి, గడ్డం ఆమె పాదం మీద ఆనించి, కళ్ళు మూసుకున్నాడు.

పాదాలకి రాసుకున్న పసుపు చూసి వెళ్ళాడేమోనని సత్యారావు మనసు వెంటనే ఒక కారణం వెతికింది. ఆ రంగు చూసి పువ్వనుకుని వెళ్తే తినడానికి నోరు తెరవాలి, వీడు తెరవలేదు. పదిహేనేళ్ళల్లో తన పాదం మీద వాడు ఒక్కసారి కూడా గడ్డం ఆనించలేదు. ఆ సంగతి అప్పుడే తట్టింది ఆయనకి. గుచ్చుకుంది.

"ఇదెప్పుడు నేర్చుకున్నాడు?" అని అడిగాడు.

"మీరు ఆస్పత్రిలో ఉన్నప్పుడు." కనకలత పాదం కదపకుండా చెప్పింది. "సాయంత్రం ఆస్పత్రి నుంచొచ్చి ఇక్కడే కూచుని తోటకూర ఏరేదాన్ని. మణిమాలతో చెప్తే ఏడుస్తాది. ఛాయా దీదీతో చెప్దామంటే నాకు అంత హిందీ రాదు. నాకున్న భయమంతా ఈడితోనే చెప్పుకున్నాను. మీరు పోతే నా బతుకేటని, ఈ ఆడగుంటని ఎలగ చదివించాలని. ఇలగే గడ్డం పెట్టి కదలకుండా వినీవాడు. నా మాటలైపోయీదాకా ఎళ్ళీవాడు కాదు."

స్వామి అనలేదామె. ఈడు అంది. అది సత్యారావు విన్నాడు.

"మరి మందారం..." అని ఏదో అనబోయాడు.

"మందారానికే పోతాడని నాకు తెలీదేటి? నెలా పదిరోజులు మేపినదాన్ని. తెలిసే సరేనన్నాను. మీ నుంచి ఈణ్ణి లాక్కోవాలని నాకున్నాదేటి?" ఆమె వంగి చిప్ప మీద చెయ్యి వేసింది. "భయంలో ఏటివ్వాలో తెలీలేదండీ. ఇంట్లో ఉన్నవాటిలో పోతే నాకు బాగా నొప్పెట్టేదేదో అది ఇస్తానన్నాను."

తన తాబేలుని ఇచ్చేస్తోందని సత్యారావు ఇన్నాళ్ళూ మనసులో ఉడికిపోయాడు. అది ఆమె తాబేలు కూడానని ఒక్కసారీ అనుకోలేదు. తాబేలు మనసు కనిపెట్టానని ఊరంతా చెప్పుకున్నవాడికి, ఆ మెట్టు మీద నెలా పది రోజులు ఎవరు ఎవరితో ఏం చెప్పుకున్నారో తెలీదు. ఆ తాబేలుకి తెలుసు.

"టిక్కెట్లు తీస్తాను" అన్నాడు. "ఇద్దరికీ. మణిమాలా ఈడూ ఛాయా దీదీ దగ్గరుంటారు."

"మొక్కో?"

"నువ్వడిగింది నా ప్రాణం. ఇచ్చినోడు దాన్ని చూసుకోవద్దా? నన్ను తీసుకెళ్ళి నిలబెట్టు. తాబేలు బదులు ఈణ్ణి తెచ్చానని చెప్పు."

కనకలత కళ్ళు తుడుచుకుంటూనే నవ్వేసింది. ఆ నవ్వు ఆ ఇంట్లో విని మూడు నెలలైంది. "స్వామి ఉంచీమంటే?"

"ఉంచీమంటే ఉండిపోతాను. నువ్వు ఎప్పుడైనా వచ్చి, ఈడితో చెప్పుకున్నవన్నీ నాక్కూడా చెప్పు."

"అందాకా దేనికి? కూచోండి" అంది ఆమె, కొంచెం పక్కకి జరిగి.

సత్యారావు వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. కనకలత ఆస్పత్రి మొదటి రోజు నుంచి మొదలుపెట్టింది.