ఖాళీ పడవలో తీసిన అంకె

ఈరోజు శుక్రవారం. మా రేవులో పడవ ఇంజన్లు బాగుచేసే మేస్త్రి గుండెపోటుతో పోయి తొమ్మిది రోజులైంది. పదకొండో రోజు దాటాక స్థిమితంగా రాద్దామనుకున్నాను. ఆగలేకపోతున్నాను. సోమవారం తెల్లవారితే మరో రెండు పడవలు నా నోటుపుస్తకంలోని తప్పు అంకెను నమ్మి నీళ్లలోకి దిగుతాయి.

ఆయన అచ్చంపేటలో బోరు మోటార్లు బాగుచేసి, తర్వాత ఇక్కడ కృష్ణ ఒడ్డుకు వచ్చాడు. నేను లెక్కల టీచరుగా రిటైరై చేపలు పట్టే కొడుకు దగ్గరికి చేరిన ఏడాదే అది. కుర్చీ వేస్తే కూర్చునేవాడు కాదు. ఒడ్డున ఏడు ఇసుక సంచులు పేర్చుకున్నాడు. ఏడూ కలిస్తే పడవ నిండా పట్టే చేపల బరువు. పై సంచి మీద కూర్చుని, ఇంజన్ కింద నీళ్లలో తిరిగే ఫ్యాన్ రెక్కలను ఆకురాయితో నున్నగా రుద్దేవాడు. ఇంజన్ బాగుందని ఏనాడూ అనలేదు. మూత మీద అరచెయ్యి పెట్టి, కాసేపు విని, "ముక్కుతలేదు" అనేవాడు. అదే ఆయన మెచ్చుకోలు.

ఫ్యాన్ మీద ఉండే పిచ్ అంకె సంగతి నాకు చెప్పింది ఆయనే. ఒక్క చుట్టుకు ఫ్యాన్ ఎన్ని అంగుళాలు ముందుకు తోయాలో అది చెబుతుంది. పెద్ద అంకె అయితే వేగం ఎక్కువే కదా అన్నాను.

"గుట్ట ఎక్కేటప్పుడు ట్రాక్టర్‌ను పెద్ద గేరుల పెడ్తరా టీచరమ్మా?" అన్నాడు.

పోయిన నెల మా అబ్బాయి పడవ కొత్త ఇంజన్‌కు పదకొండు ఫ్యాన్, పదమూడు ఫ్యాన్ తొడిగి చూశాం. నేను గడియారం పట్టుకుని ఒడ్డున నిలబడ్డాను. పదమూడు గెలిచింది.

"మేస్త్రీ, విమానం తీరుగ పోతాంది!" అని అరిచాడు మావాడు.

"విమానంల చేపలు తెస్తవా బిడ్డా? వల లేదు, ఐసు లేదు, నువ్వొక్కనివే ఉన్నవ్. నా సంచులు ఎక్కియ్యి, గప్పుడు చూద్దాం."

అప్పటికే నేను సెకన్లతో సహా రాసి కింద గీత కొట్టాను. "రాసేసిన. ఇగ చాలు," అన్నాను.

"నీ లెక్క తప్పు కాదు టీచరమ్మా. ఖాళీ పడవ అందరికీ మంచిమాటలే చెప్తది. బరువెక్కినంక అడగాలె."

నేను పుస్తకం మూసి ఇంటికి వచ్చేశాను. వచ్చే వారం ఎక్కిద్దామన్నాడు. ఈలోపే గుండెపోటు వచ్చి మంచం పట్టాడు, ఇక లేవలేదు.

ఆయన పోయాక పక్కింటి అన్నదమ్ములు, ఎదురింటి కోడలు వచ్చి ఏ ఫ్యాన్ కొనాలని నన్ను అడిగారు. పుస్తకం తెరిచి, పదమూడని చెప్పాను.

నిన్న పొద్దున రావలసిన మావాడు నిండు చేపలతో, ఎదురుగాలిలో, మధ్యాహ్నానికి వచ్చాడు. సగం దూరం తెడ్డు వేశాడట. ఇంజన్ మూత మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేశాను, కాలిపోతోంది.

"ముక్కిందమ్మా," అన్నాడు.

ఇక జరగవలసినవి:

1. నా పుస్తకంలో పదమూడు కొట్టేసి, పక్కన "ఖాళీ పడవ" అని రాయాలి. రాశాను.
2. ఆ రెండు ఇళ్లకూ నేనే వెళ్లి, తప్పు నాదని చెప్పాలి. రేపు కాదు, ఈ సాయంత్రమే.
3. ఆదివారం ఒక్కొక్క పడవలో వల, మనుషులు, ఏడు సంచులు ఎక్కించి పదకొండు ఫ్యాన్‌తో నడపాలి. పూర్తి వేగంలో ఇంజన్ నిమిషానికి తిరగాల్సినన్ని చుట్లు తిరిగితేనే సోమవారం ప్రయాణం.
4. పై సంచిని మెల్లగా దించండి. ఆయన కూర్చున్న గుంట అందులో ఇంకా అలాగే ఉంది. రాత్రి కురిసిన వానకు కాసిని నీళ్లు నిలిచాయి.