పాలబొంతలు తేలిన చలి

కామమ్మ దేన్నీ ఒక పట్టాన నమ్మే మనిషి కాదు. నయాపైసలు కొత్తగా వచ్చినప్పుడు సూళ్ళూరుపేట సంతలో రెండేళ్ళపాటు వాటిని చేత్తో ముట్టుకోలేదు. అంత చిన్న బిళ్ళకు విలువ ఉందని ప్రభుత్వం చెబితే మాత్రం నమ్మెయ్యాలా అని ఆమె వాదన. పక్కింటావిడ నవ్వితే తనను చూసే నవ్విందనుకునేది. నవ్వకపోతే ఏదో దాస్తోందనుకునేది.

దీనివల్ల ఆమెకు మేలే జరిగిందని ఒప్పుకోవాలి. పులికాటు సరస్సు ఒడ్డున పడమటికుప్పమనే బెస్తపల్లెలో చేపలమ్మే ఆడవాళ్ళు ఇరవై మంది ఉంటే, బేరగాళ్ళు మోసం చెయ్యలేనిది ఆమె ఒక్కదాన్నే. కుప్పంలో ఏ తగువు వచ్చినా పెద్దలు ఆమెను పిలిచి అడిగేవారు. కామమ్మ చూశానంటే చూసినట్టే. ఆ పేరు ఆమెకు మెడలో గొలుసు కంటే ఇష్టం.

ఆమె అనుమానాలన్నింటిలోకీ పాతది బావ పోలేరయ్య మీద. ఆమె అక్కను అతనికిచ్చి చేశారు. అక్క జ్వరంతో పోయి ఎనిమిదేళ్ళయింది. నెల్లూరు పెద్దాసుపత్రికి చేర్చి ఉంటే బతికేదని కామమ్మ నమ్మకం. ఆ రోజు గాలివానలో ఎవరూ పడవ తియ్యలేదని పోలేరయ్య చెప్పాడు. కుప్పం నిండా పడవలుంటే ఒక్కటీ దొరక్కపోవడమేమిటని ఆమె ఎనిమిదేళ్ళుగా ఆలోచిస్తూనే ఉంది. రెండిళ్ళకూ మధ్య తాటాకుల దడి ఒక్కటే అడ్డం. దాని సందుల్లోంచి ఆమె చూపు ఎప్పుడూ అటే ఉండేది.

అరవై ఒకటో అరవై రెండో, ఆ ఏడు పుష్యమాసంలో ఉత్తరపు గాలి పట్టుకుంది. ఆ తీరంలో చలికాలమంటే తెల్లవారుజామున ఒక దుప్పటి కప్పుకోవడం, పొద్దెక్కగానే తీసెయ్యడం, అంతే. ఆ ఏడు దుప్పట్లు చాలక తెరచాపలు కప్పుకుని పడుకున్నారు. సీసాలో గడ్డకట్టిన కొబ్బరినూనె మధ్యాహ్నానికి కూడా కరగలేదు. పుట్టి బుద్ధెరిగి ఇలాంటి చలి చూడలేదని ముసలివాళ్ళన్నారు. కామమ్మ అదీ నమ్మలేదు. ముసలివాళ్ళకు ప్రతి ఏడూ చలి కొత్తేనంది.

మూడోనాడు పొద్దున్నే ఆమె మొగుడు వెంకయ్య వంతు నీళ్ళలో పాలబొంతలు వెల్లకిలా తేలాయి. వెండిలా మెరిసే పెద్ద చేపలు, ఒకటీ రెండూ కాదు, వందలు. కుప్పంలో ఏటా చీటీలు వేసి సరస్సును జట్లవారీగా వంతులు పంచుకుంటారు. ఆ ఏడు వెంకయ్య జట్టుకు ఇసుకమేట దగ్గర మోకాలిలోతు నీళ్ళు వచ్చాయి. చేప బాగా పడే చోటు అది. పోలేరయ్య జట్టుకు, నీళ్ళు లోతుగా ఉండి ఎవరూ కోరని బురదలోతు వచ్చింది. చేపల మీద దెబ్బ లేదు, వల గీసుకున్న గుర్తు లేదు, కదలిక మాత్రం లేదు.

మంగకాయలు దంచి నీళ్ళలో కలిపితే చేపలు ఇలాగే మత్తెక్కి తేలతాయని అక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ పని చేసినవాణ్ణి ఏడాదిపాటు నీళ్ళలో దిగనివ్వకూడదని కుప్పం కట్టుబాటు. ఏడాది నీళ్ళలో దిగకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు, ఊరు వదిలి పోవాల్సిందే.

ముందురోజు సాయంత్రం దడి సందులోంచి కామమ్మ చూసింది ఇంతే. పోలేరయ్య వాకిట్లో రోలు ముందు కూచుని ఏదో దంచుతున్నాడు. ఆమె చూస్తుండగానే రోటి మీద కండువా కప్పాడు.

అదే మాట పొద్దున్నే పొరుగింటి మస్తానమ్మతో అంది. “నిన్న మా బావ ఏందో దంచతా ఉండాడు మే. నేను చూస్తావుంటే గుడ్డ కప్పేసినాడు.”

“ఏం దంచుంటాడక్కా?”

“మంచిదైతే గుడ్డెందుకు కప్పతాడు?”

మస్తానమ్మ నీళ్ళకు పోయింది. గంజి తాగే వేళకల్లా ఆ మాట కుప్పమంతా తిరిగి, పోలేరయ్య మంగకాయలు దంచుతుంటే కామమ్మ కళ్ళారా చూసిందట అని ఆమె దగ్గరికే వచ్చింది. ఆమె కాదనలేదు. తను ఆ మాట అనకపోయినా అయ్యుండొచ్చు కదా అనుకుంది. పంచాయితీకి పిలుపు వచ్చేలోపల ఆమెకు రోట్లో కాయలు కనిపించడం కూడా మొదలైంది.

కుప్పం తగువులు తీర్చే పెద్దకాపు కాటయ్య పడవల పాక ముందు అందరినీ కూచోబెట్టాడు. పోలేరయ్య నిలబడ్డాడు.

“శొంఠి దంచినా మామా. మా అమ్మకు దగ్గు. గాలికి పొడి లేచిపోతావుంటే గుడ్డ కప్పినా.”

ఆ దగ్గు రెండు రోజులుగా కామమ్మకూ వినబడుతూనే ఉంది. అది కూడా ఎవరి మెప్పు కోసమో అనుకుంది.

“నువ్వేం చూసినావు కామమ్మా?” కాటయ్య అడిగాడు.

“మంగకాయలే,” అంది ఆమె. గొంతు తడబడలేదు.

తప్పు చెయ్యకపోతే వల దాటి ప్రమాణం చెయ్యమన్నాడు కాటయ్య. బెస్తవాడు నేల మీద పరిచిన వలను కాలితో దాటడం కన్నతల్లిని దాటినట్టే, తప్పున్నవాడు దాటడానికి జంకుతాడని ఆ ప్రమాణం. పోలేరయ్య వలనే తెచ్చి అతని ముందు పరిచారు.

“మా నాయిన అల్లిన వల ఇది,” అన్నాడు. “అబద్ధం జెప్పినోళ్ళు దాటాల. నేనెందుకు దాటతా?”

దాటలేదు కాబట్టి తప్పు అతనిదేనని తేల్చారు. ఏడాదిదాకా ముట్టకూడదని వల తీసి పాకలో వేలాడదీశారు. విషం తిన్న చేపలని అన్నింటినీ ఇసుకలో పూడ్చమన్నారు.

కామమ్మ మాత్రం అప్పటికే ఒక చేపను దాచింది. రేపు పోలేరయ్య కోర్టుకెక్కితే సాక్ష్యం కావాలి. పొద్దున్నే ఒక పాలబొంతను, అది తేలిన చోటి నీళ్ళతో సహా మట్టితొట్టిలో పోసి, గాలి తగలని, ఎండ పడే వైపు ఇంటి గోడవార పెట్టింది. ఎవరైనా మార్చేస్తారేమోనని దాని తోకకు ఎర్రదారం కట్టింది.

పంచాయితీ ముగించుకుని వచ్చేసరికి తొట్టిలో చేప తిన్నగా నిలబడి మొప్పలాడిస్తోంది. ఆమెకు మొదట తోచింది చేపను ఎవరో మార్చారనే. వంగి చూసింది. తోకకు దారం ఉంది, ముడి కూడా ఆమె వేసిన ముడే. చెయ్యి లోపల పెట్టింది. ఎండకు నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. విషమైతే ఆ నీళ్ళలోనే ఉండాలి. ఉన్న నీళ్ళు అవే, చేప అదే, పోయింది చలి ఒక్కటే.

ఆమె సరస్సులోకి దిగింది. ఇసుకమేట దగ్గర కాళ్ళు ఎముకల దాకా జిల్లుమన్నాయి. బురదలోతు వైపు నడిచేకొద్దీ నీళ్ళ చలి తగ్గింది. అక్కడ ఒక్క చేపా తేలలేదు. మూడు రోజుల ఉత్తరపు గాలికి లోతులేని నీళ్ళు చల్లబడిపోయాయి, ఎన్నడూ అంత చలి ఎరగని చేపలు కొయ్యబారిపోయాయి. వేరే ఏదైనా అనుమానించడానికి ఆమె అక్కడే నిలబడి శాయశక్తులా ప్రయత్నించింది. ఏదీ దొరకలేదు.

ఇంటికొచ్చి తొట్టి పక్కన కూచుంది. ఆ నీళ్ళు పారబోస్తే చాలు, ఇక ఎవరికీ తెలియదు. దడి అవతల ముసలామె దగ్గు ఆగకుండా వస్తోంది. కామమ్మకు సిగ్గేసింది. సిగ్గుకన్నా ఎక్కువ భయమేసింది. ఇది నిజం కాకపోతే, ఎనిమిదేళ్ళుగా తను నమ్మినదాంట్లో నిజం ఎంత? ఆ గాలివానలో నిజంగానే ఎవరూ పడవ తియ్యలేదేమో. చివరికి తొట్టిని నెత్తిన పెట్టుకుని పాకకు నడిచింది.

కాటయ్య చేపను చూశాడు, దారాన్ని చూశాడు, ఆమె చెప్పిందంతా విన్నాడు.

“మత్తు దిగుంటది,” అన్నాడు. “చలికి చేపలు తేలేది ఎవురు చూసినారు మే?”

“నేను మంగకాయలు చూళ్ళేదు,” అంది కామమ్మ.

కాటయ్య తొట్టి మీంచి తలెత్తాడు.

“అప్పుడు అబద్ధం జెప్పినావా, ఇప్పుడు జెప్తుండావా?”

“అప్పుడు.”

వెనకనుంచి ఎవరో, మరదలే గదా, అన్నారు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. సాక్షి మాట వెనక్కి తీసుకుంది కాబట్టి కాటయ్య తీర్పూ వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఇక మీదట కామమ్మ మాట పంచాయితీలో చెల్లదని కూడా చెప్పాడు. పోలేరయ్య వచ్చి వల భుజాన వేసుకుని, ఆమె వైపు చూడకుండానే వెళ్ళిపోయాడు. అది ఆమెకు న్యాయంగానే అనిపించింది.

ఇంటికి పోయే దారిలో వెంకయ్య ఆగాడు.

“మీ బావ నీకేం జెప్పినాడు?” అన్నాడు. “ఏమిచ్చినాడు?”

“పొద్దున చూసినా అన్నప్పుడు నువ్వు నన్నొక్క మాట అడగలా,” అంది కామమ్మ. “ఎంత దూరం నించి చూసినావు, రోట్లో ఏముండింది అని ఒక్కరూ అడగలా. చూళ్ళేదు అంటే అందరూ అడగతా ఉండారు.”

ఇరవై ఏళ్ళ కాపురంలో ఎన్నడూ అడగని వెంకయ్య, మర్నాడు ఆమె గంప ఎత్తుకుంటుంటే యాడికని అడిగాడు. సంతకని చెప్పింది. అతను నమ్మలేదని ముఖం చూడగానే ఆమెకు తెలిసిపోయింది.