చెవి మిషను ఎవరికండీ?

రాజమండ్రిలో మాది చీరల కొట్టు. ఈ రోజు ఒకావిడ ఏదో వెబ్‌సైట్‌లో చూసిన ఉప్పాడ చీర రంగే కావాలంటే, కొట్టులో కంప్యూటర్‌లో ఆ సైట్ తెరిచాను. చీర బొమ్మ చుట్టూ అన్నీ వినికిడి మిషన్ల ప్రకటనలే.

"చెవి మిషను ఎవరికండీ?" అని ఆవిడ అడిగింది. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న నాన్నగారు తల దించుకున్నారు. నాకు సంగతి అర్థమైంది.

"నాకేనండి," అన్నాను.

ఆవిడ వెళ్లాక నాన్నగారు నెమ్మదిగా అన్నారు. "సరిగ్గా వినపడట్లేదని మీ అమ్మక్కూడా చెప్పలేదమ్మా. నిన్న ఇందులో ఒక్కసారి చూశానంతే. వీళ్లకెవరు చెప్పారు?"

"మనం ఏం చూశామో, సైట్లవాళ్లు కంప్యూటర్‌లో పెట్టే కుకీలనే గుర్తులు ప్రకటనలవాళ్లకి చెప్పేస్తాయి నాన్నగారూ. మీరు ఒప్పుకున్నట్టే లెక్కంట."

"ఏదో పచ్చ బటన్ అడ్డమొచ్చింది. నొక్కితే గానీ లోపలికి వెళ్లనివ్వలేదు."

పాత కుకీలన్నీ తుడిచేసి, నిన్న ఆయన చూసిన సైట్ మళ్లీ తెరిచాను. 'అన్నీ అంగీకరిస్తున్నాను' అన్న బటన్ అరచేయంత ఉంది. 'వద్దు' అన్న మాట ఎక్కడా లేదు. అడుగున వెలిసిపోయిన అక్షరాల్లో ఉన్న 'సెట్టింగులు' నొక్కితే, అనుమతులన్నీ ముందే ఆన్ చేసి ఉన్నాయి. ఒక్కొక్కటీ ఆపేసరికి నాకే ఓపిక పోయింది. మా కొట్టులో చీర నచ్చనివాళ్లు లేచి వెళ్లిపోతారు. మేం వాళ్ల వెనక ఇంటిదాకా వెళ్లి, వాళ్లేం చూశారో వీధిలో చెప్పం కదా.

సాయంత్రం నాన్నగారే అమ్మకి చెప్పారు. రేపు ముగ్గురం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం.

మీకూ ఇలా జరిగితే చెప్పండి, ఎవరి గుట్టో మాత్రం రాయకండి. ఈ పోస్ట్ పెట్టేముందు నేను నాన్నగారికి చదివి వినిపించి, పెట్టనా అని అడిగాను. "పెట్టమ్మా" అన్నారు. అడగడమంటే ఇదీ.