జల్లెడ పట్టని మట్టి

మా నాన్న నాకు రాసిచ్చిన ఎకరం వేల్పూర్ దారిలో ఉంది. పై సగం ఎర్ర చెల్క, కింది సగం నల్లరేగడి. నేను బడికి పోలేదు. ఖురాన్ అమ్మ దగ్గర నేర్చుకున్నాను. మార్కెట్ యార్డుకు పోయే పసుపు బస్తాల మీద పేర్లు రాసే పని నాకిచ్చి, నాన్న తెలుగు అక్షరాలు దిద్దించాడు. చదువు తక్కువని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. ఆ నేల గురించి నాకు తెలియదంటే మాత్రం ఒప్పుకోను. అయినా ఆ నేల విషయంలోనే ఒక పెద్ద పొరపాటు చేశాను.

కింది సగంలో వరుసగా మూడేళ్లు పసుపు కుళ్లింది. ఆకు వేళకు ముందే పండుబారి వాలిపోయేది. తవ్వితే దుంప మెత్తగా, కంపు కొడుతూ చేతికొచ్చేది. మా ఆయన దుబాయ్‌లో పని చేస్తాడు. ఇక్కడి పనులకు ఆయన అన్నే పెద్దదిక్కు. నేను భాయిసాబ్ అంటాను. మోటారు కాలిపోయినప్పుడు, విత్తనం దొరకనప్పుడు ఆయన నాకోసం ఎంత తిరిగాడో అల్లాకు తెలుసు. ఆ మేలు మరిచిపోను. కానీ మూడో ఏడు ఆయన, కింది సగంలో నడుములోతు పైమట్టి తీయించి ఇటుక బట్టీకి ఇచ్చేద్దామన్నాడు. బట్టీ అతనితో మాట కూడా అయిపోయిందట. ఒకసారి పోయిన పైమట్టి నా బతుకులో మళ్లీ రాదు. ముందు మట్టి పరీక్ష చేయిద్దామని పట్టుబట్టాను.

వ్యవసాయ శాఖ మేడమ్ అర కిలో మట్టి తెమ్మంది. నా చేతులు తమకు అలవాటైన పనే చేశాయి. అమ్మ చివరి రెండేళ్లు మంచంలో ఉంది. ఒంటికి నీళ్లు తగలొద్దని దవాఖానలో చెప్పారు. నీళ్లు వాడలేనివాళ్లు నమాజుకు ముందు శుభ్రమైన మట్టిని అరచేతులతో తాకి, ముఖమూ చేతులూ తుడుచుకోవచ్చు. దాన్ని తయమ్ముమ్ అంటాం. అమ్మకు ఆ మట్టి తెచ్చే పని నాది. ఈ పొలం గట్టు మీది ఎండిన మట్టే తీసి, పుల్లలూ రాళ్లూ ఏరి, జల్లెడ పట్టి, పళ్లెంలో పెట్టి ఇచ్చేదాన్ని. పరీక్షకూ అలాగే గట్టు మట్టి తీశాను. జల్లెడ పట్టి, తెల్లగుడ్డలో మూటగట్టి ఇచ్చాను. ఇంకొకరి చేతిలో పెట్టే మట్టి శుభ్రంగా ఉండాలి కదా అనుకున్నాను.

కార్డు వచ్చింది. పరీక్షలో అన్నీ బాగున్నాయని అందులో ఉంది. పసుపు తవ్వే ఆడవాళ్లంతా చుట్టూ ఉండగా భాయిసాబ్ దాన్ని పైకి చదివాడు.

"మట్టికి ఏ రోగం లేదంట. రోగమంత చేసేటోళ్ల చేతులల్ల ఉంది" అన్నాడు. పసుపు ఉడకబెట్టుడు అయిపోగానే జేసీబీ వస్తుందని చెప్పి వెళ్లిపోయాడు.

నా పక్క సాలులో ఉన్న అక్క మా నాన్న కాలం నుంచి మా పొలంలో పనికి వస్తున్న మనిషి. పరీక్షకు మట్టి ఎక్కడ తీశావని మెల్లగా అడిగింది. చెప్పాను. గంప పక్కన పెట్టి, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది.

"గట్టు మట్టి తీస్కపోయినవా బీబమ్మా? మరి పసుపు గూడ గట్టు మీదనే పెడ్దాం తియ్యి."

ఆ పూట నాకు నవ్వు రాలేదు. కానీ ఆ నవ్వు లేకపోతే ఇవాళ అక్కడ గొయ్యి ఉండేది. ఆమె నవ్వుకూ, భాయిసాబ్ ఎత్తిపొడుపుకూ కలిపే అల్లాకు శుక్ర్ చెప్పుకుంటాను.

మర్నాడు ఇద్దరం కింది సగంలో ఆరేడు చోట్ల జానెడు లోతు గుంటలు తీశాం. దుంప ఎక్కువగా కుళ్లిన చోటా తీశాం, ఎండాకాలం తెల్లగా పొక్కు లేచే మూలనా తీశాం. నీడలో ఆరబెట్టి, ఉన్నది ఉన్నట్టు మూటగట్టాను. మేడమ్ ముందు ఆ మూట విప్పుతుంటే, విడిచిన బట్టలు నలుగురికీ చూపిస్తున్నట్టు సిగ్గేసింది. మొదటిసారి చేసిన పొరపాటు కూడా దాచకుండా చెప్పాను. ఆమె కోప్పడలేదు.

కల్లంలో పసుపు ఆరుతుండగా రెండో కార్డు వచ్చింది. చౌడు ఉంది. నీరు కిందికి దిగక నిలిచిపోయి దుంపను కుళ్లబెడుతోంది. పల్లం వైపు కాలువ తీయాలని, జిప్సం వేయాలని, వానలు పడగానే పచ్చిరొట్ట ఎరువు కోసం జీలుగ చల్లి పూత దశలో దున్ని మట్టిలో కలపాలని మేడమ్ చెప్పింది. రెండేళ్లు అక్కడ పసుపు పెట్టొద్దంది.

జేసీబీ రానే వచ్చింది. బట్టీ అతన్ని వెంటబెట్టుకుని భాయిసాబ్ వచ్చాడు. మొదటి కార్డు గట్టుదని, తప్పు నాదేనని చెప్పి రెండోది చేతికిచ్చాను. బట్టీ అతను చూసి, చౌడైనా ఫికర్ లేదు, వేరే మట్టిలో కలుపుకుంటానన్నాడు. ఇంట్లో మేం మాట్లాడుకునేది ఉర్దూ. ఆ రోజు మాత్రం అక్కడున్న అందరికీ తెలియాలని తెలుగులోనే మాట్లాడుకున్నాం.

"రెండేండ్లు పసుపు పెట్టకుంట ఏం జేస్తవు? గడ్డి పెంచుతవా?"

"జీలుగ పెంచుత భాయిసాబ్. పై సగంల ఎర్రజొన్న పెడ్త. మట్టి మాత్రం ఇయ్య."

"తమ్మునికి ఫోన్ చేస్త."

"చెయ్యుండ్రి. పట్టా నా పేరు మీద ఉంది."

ఆయన ముందు ఏనాడూ తల మీది కొంగు జారనివ్వలేదు. ఆ మాట కూడా కొంగు సర్దుకునే అన్నాను. మా ఆయన ఫోన్‌లో, నేల ఆమెది, ఆమెనే అడగమన్నాడట. జేసీబీ వచ్చిన దారినే వెనక్కి తిరిగింది.

పసుపు పెట్టే నేలలో జీలుగ నడుమెత్తు పెరిగితే దారిన పోయేవాళ్లు ఆగి చూసి నవ్వారు. దాన్ని పచ్చగా ఉండగానే దున్నించేసరికి ఇంకా నవ్వారు. ఈ ఏడు ఎన్ని బస్తాలని అడిగినవాళ్లకు ఒక్కటీ లేదని తల ఎత్తే చెప్పాను.

రెండేళ్లు గడిచాక కింది సగంలో ఎత్తు మడులు చేసి మళ్లీ పసుపు పెట్టాం. చాలావరకు నిలబడింది. దుంప గట్టిగా, మట్టి వాసనతో చేతికొచ్చింది. తెల్ల పొక్కు మూల మాత్రం ఇంకా అలాగే ఉంది. భాయిసాబ్ ప్రతి ఎండాకాలం వచ్చి చాయ్ తాగి, "గా మూల ఒక్కటన్న ఇచ్చెయ్యి" అంటాడు. ఇంకో కప్పు పోస్తాను. మూల ఇవ్వను. రేపు పొద్దున ఫజర్ నమాజ్ కాగానే అక్కడే గుంట తీసి, ఆ మట్టినే పరీక్షకు తీసుకుపోతాను. పార పట్టుకొని గట్టు దగ్గరికి వస్తానని అక్క ఇందాకే చెప్పి వెళ్లింది.