కుంట దారిలో పచ్చి మండ

డాక్టరు రోజుకు మూడు వేల అడుగులు నడవమన్నాడని పొద్దున్నే పార్కులో లెక్కపెట్టుకుంటూ తిరుగుతున్నాను. మొన్న ఆ లెక్క మధ్యలో ఉదయగిరి కొండల కాలిబాట గుర్తుకొచ్చి, ఎన్నో అడుగులో ఉన్నానో మరిచిపోయాను.

అవి యాభైల చివరి సంవత్సరాలు. సర్వే చదువు ముగించి ఆత్మకూరులో కొత్తగా ఉద్యోగంలో చేరాను. ఆదివారం వస్తే అక్క భర్త, అంటే మా బావ, నేనూ మొదటి బస్సుకు ఉదయగిరి చేరి, అడవిలో కుంటల వెంట తిరిగి, నీళ్లున్న చోట ఈతకొట్టి, పులిహోర తిని సాయంత్రానికి దిగేవాళ్లం. మన కాలంలో వినోదమంటే అంతే కదా. నా సంచిలో దిక్సూచి, టేపు, నోటుపుస్తకం, చెక్కిన పెన్సిళ్లు రెండు తప్పకుండా ఉండేవి. నీళ్లకు మాత్రం ఒక్క సొరబుర్ర, అదీ బావ భుజాన. ఆ బాటలన్నిటికీ పటం గీయాలని నా పట్టుదల.

ఒక ఎండాకాలం, బాట రెండుగా చీలినచోట, కుంటవైపు దారికి అడ్డంగా ఒక పచ్చి మండ, దాని మీద రాయి కనిపించాయి. టేపు పరవడానికి అడ్డమని రాయి దొర్లించి, మండను పొదలోకి విసిరేసి, కొలుచుకుంటూ పోయాను. గంట తర్వాత కుంట వచ్చింది. అడుగంతా బీటలే.

“నీ పటంలో నీళ్లుండాయి గదా, తాగు బామ్మర్దీ” అన్నాడు బావ.

ఇంతలో వెనకే ఒక అవ్వ మేకలను తోలుకుంటూ వచ్చింది. ఆమె చంకలో ఆ పొద్దు పుట్టిన మేకపిల్లలు రెండు. తల్లిమేక కుంట గట్టున కూలబడి లేవలేకపోయింది.

“మండ ఏసుండాలే, ఎవుడు తీసేసినాడో” అంది అవ్వ.

నేనేనని, దారికడ్డమని తీశానని చెప్పాను.

“అడ్డంగా ఉండాలనే గదా నాయనా ఏసేది. నీళ్లు లేవని ముందొచ్చినోడు ఎనకొచ్చేవోళ్లకు సెప్పేది అట్లనే.”

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. బావ సొరబుర్రలోని నీళ్లన్నీ క్యారియరు మూతలో పోసి తల్లిమేక ముందు పెట్టాడు. అది తాగి, చాలాసేపటికి, వణుకుతూ లేచింది. మేము చెరొక పిల్లను ఎత్తుకుని, నాలుక పిడచగట్టుకుపోతుంటే, అవ్వ వెంట పైన బండల మధ్య నీళ్లు నిలిచే రాతి దొన దాకా ఎక్కాం. మంద ముందే దిగి బురద చేసిన నీళ్లను తువాలుతో వడగట్టుకుని తాగాం. అంత రుచైన నీళ్లు నేను మళ్లీ తాగలేదు.

దిగేటప్పుడు చీలిక దగ్గర ఆగి, కొత్త మండ విరిచి అడ్డంగా వేసి రాయి పెట్టాను. “దీన్ని గూడా కొలిచి రాసుకో” అన్నాడు బావ.

ఇప్పుడు ఎక్కడికి వెళ్లినా ఎవరి నీళ్లు వాళ్లు సీసాలో మోసుకుపోతున్నాం. దాహానికి ఇబ్బంది లేదు, మంచిదే. కానీ మన వెనక ఆ దారిన ఎవరొస్తారో, వాళ్లకేం కావాలో ఒక్క క్షణం ఆగి ఆలోచించే పని మాత్రం మనకు లేకుండా పోయింది.