టాఫీకి అంటుకొచ్చిన పాలపన్ను

"ఒక్క పెన్నీ ముట్టుకున్నా ముట్టుకున్నట్టే వాల్టర్! పాలపళ్ళు ఊడకముందైనా సరే!"

సారాయి దుకాణం వెనక గదిలో ఈనాక్ హెబ్డన్ బల్ల గుద్దాడు. చెయ్యి చురుక్కుమనేసరికి ఎవరూ చూడకుండా కోటు జేబులో దాచుకున్నాడు. పరుగుల క్లబ్బు బనీన్లు ఉతికి మూట మోసుకొచ్చిన హెస్టర్ మాత్రం చూసింది.

"కుర్రతనంలో తిరునాళ్ళ పందెంలో ఏదో నాణెం ఇచ్చారు, పుచ్చుకున్నా. దానికిప్పుడు క్లబ్బులోంచి గెంటేస్తారా?" అన్నాడు నేతగాడు వాల్టర్.

"డబ్బు పుచ్చుకున్నవాడు మన మైదానంలో అడుగు పెట్టకూడదు. ఆ నిబంధన నేను కనలేదు నాయనా, పెంచుతున్నానంతే."

అందరూ నవ్వారు. నవ్వినవాళ్ళే చేతులెత్తి ఈనాక్‌ను గెలిపించారు. ఊరికల్లా గట్టి పరుగుగాడైన వాల్టర్ టోపీ పెట్టుకుని గడప దాటాడు.

ఈనాక్ పగలు నూలుమిల్లులో గుమాస్తా, మిగతా పొద్దంతా పరుగుల క్లబ్బు కార్యదర్శి. తను మాత్రం ఏనాడూ పరిగెత్తి ఎరగడు. ట్రామును అందుకోవడానికి కూడా హుందాగానే నడిచేవాడు, అది వెళ్ళిపోయేది. హెస్టర్ ఇంట్లో అద్దెకుండేవాడు. గెలిచినవాళ్ళకు డబ్బివ్వకూడదు గనుక గడియారాలు కొని ఆమె ముందుగదిలో పేర్చేవాడు. వాటి దుమ్ము దులపడం ఆమె వంతు. ఊళ్ళో పరుగుగాళ్ళ ఇళ్ళల్లో గడియారాలకు కొదవలేదు, వాటిని చూసి వండుకోవడానికే ఏమీ ఉండేది కాదు.

ఆ ఏడు జిల్లా పరుగుల సంఘం కార్యదర్శి పదవికి ఈనాక్ ఒక్కడి పేరే వచ్చింది. జన్మకంతా అతను కోరుకున్నది అదొక్కటే. కొత్త కాలర్ కొన్నాడు. అద్దం ముందు ఉపన్యాసం వల్లె వేస్తుంటే గోడ అవతల హెస్టర్‌కు కూడా నోటికొచ్చేసింది. ఎన్నిక శనివారం, ఆ సారాయి దుకాణం వెనక గదిలోనే.

దానికి ముందు ఆదివారం రూత్ అత్త టీకి వచ్చింది. మేనల్లుడి గొప్ప విని మురిసిపోయి హెస్టర్ వైపు తిరిగింది.

"వీడు చిన్నప్పుడే మహా ఆటగాడమ్మా! తిరునాళ్ళలో గోనెసంచిలో కాళ్ళు పెట్టుకుని గెంతుతూ అందర్నీ ఓడించాడు. ఆరు పెన్నీల బిళ్ళ ఇచ్చారు. దాంతో టాఫీ కొని కొరికితే పాలపన్ను దానికే అంటుకొచ్చింది! గుర్తుందట్రా ఈనాకూ?"

ఈనాక్ చేతిలో కప్పు గాల్లోనే ఆగిపోయింది.

అత్తను బండెక్కించి వచ్చి వంటగది గుమ్మంలో నిలబడ్డాడు.

"ముసలావిడ మాటలు. నేను వినలేదనుకోండి," అంది హెస్టర్, గిన్నెలు తోముతూనే.

"వాల్టర్ మాట అందరం విన్నాం కదండీ."

"అయితే మీరే లేచి చెప్పుకోండి."

"ఎవరి మీద వాళ్ళు ఫిర్యాదు చేసుకోకూడదని నిబంధన."

"అంత తెలివిగల నిబంధన ఎవరు రాశారో?"

"నేనే."

ఆమెకు నవ్వొచ్చింది. అతని మొహం చూసి మింగేసింది.

"ఆ గదిలో ఆడవాళ్ళను మాట్లాడనివ్వరుగా?"

"వద్దని ఎక్కడా రాయలేదు, రాయడం మరిచిపోయాను. శనివారం బనీన్ల మూట ఎలాగూ తెస్తారు. దించగానే నా మీద ఫిర్యాదు చెప్పండి హెస్టరమ్మా. గట్టిగా చెప్పండి. ఇప్పుడే దారిలో వాల్టర్‌ను కూడా పిలిచి వచ్చాను, వెనక బెంచీ దాకా వినబడాలి."